ఐదు కొండల దారి

ఒక్క పౌండు. పందెం ఖర్చుల కోసం విక్ క్లాఫమ్‌కు 1921లో దక్కిన సొమ్ము అంతే. అదీ ఊరికే ఇచ్చింది కాదు, తిరిగి కట్టాల్సిన అప్పు. అనుమతి కోసం ఆయన 1919లో అడిగితే కాదన్నారు. 1920లో మళ్లీ అడిగితే మళ్లీ కాదన్నారు. మూడో ఏడు ఒప్పుకున్నారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో పీటర్‌మారిట్స్‌బర్గ్ నుంచి డర్బన్ దాకా కొండలెక్కి దిగుతూ సాగే దాదాపు 88 కిలోమీటర్ల దారిలో ఒక పరుగు పందెం అలా మొదలైంది. దాని పేరు కామ్రేడ్స్ మారథాన్. మారథాన్‌ను మించిన దూరపు పందేల్లో ఇప్పటికీ జరుగుతున్నవాటిలో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆదివారం తెల్లవారుజామున హాఫ్ మారథాన్ పరుగెత్తేవారికి ఎత్తు వచ్చినచోట పిక్కలు ఎలా బిగుస్తాయో, ఊపిరి ఎలా పొట్టిదవుతుందో తెలుసు. 21.1 కిలోమీటర్ల అలాంటి పరుగులు నాలుగు వరసగా పేర్చినా కామ్రేడ్స్ దూరానికి చాలవు. అయినా ఈ పందెం పుట్టింది ఛాంపియన్ల కోసం కాదు. పొద్దున డ్యూటీకి పోయి సాయంత్రం ఇంటికొచ్చే మామూలు మనుషుల కోసం ఒక రైలు డ్రైవరు తలపెట్టిన పందెం ఇది. కాకపోతే ఆ మామూలు మనుషుల్లో ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, ఎవరిని దారి పక్కన నిలబెట్టాలి అన్న తగవు తేలడానికి అర్ధశతాబ్దం పైన పట్టింది. కామ్రేడ్స్ చరిత్ర అంటే ప్రధానంగా ఆ తగవు చరిత్రే.

క్లాఫమ్ లండన్‌లో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో దక్షిణాఫ్రికా చేరారు. బోయర్ యుద్ధకాలంలో, ఇంకా మీసాలు రాని వయసులోనే, అంబులెన్సు దళంలో పనిచేశారు. ఆ తర్వాత రైల్వేలో ఇంజను డ్రైవరయ్యారు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే పదాతి దళంలో చేరి, తూర్పు ఆఫ్రికాలో జర్మన్ సేనాని ఫాన్ లెట్టో-ఫోర్బెక్ సేనలను తరుముతూ సుమారు 2,700 కిలోమీటర్లు నడిచారు. ఎండ, దాహం, మలేరియా. పక్కన నడిచినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక వాళ్ల పేరిట రాతి స్తూపం నిలపడం ఆయనకు సరిపోలేదు. వాళ్లు పడ్డ శ్రమలో కాస్తయినా ఒంటికి తెలియాలి, అదే వాళ్లకు గుర్తు అనుకున్నారు. ఇంగ్లాండులో లండన్ నుంచి బ్రైటన్ దాకా జరిగే నడక పందెం ఆయనకు నమూనా అయింది.

అథ్లెటిక్స్ పెద్దలు ఆయన్ను మాజీ సైనికుల సంఘానికి పంపారు. ఆ సంఘం పేరు లీగ్ ఆఫ్ కామ్రేడ్స్ ఆఫ్ ది గ్రేట్ వార్. పందేనికి పేరు అక్కడినుంచే వచ్చింది. మనిషి ఒంటికి ఇది తట్టుకోగల పని కాదని సంఘం వాదన. దానికి క్లాఫమ్ ఇచ్చిన జవాబు ఈ పందెం మొత్తానికి పునాది: దుకాణాల నుంచి, ఆఫీసు బల్లల నుంచి లేచి వచ్చినవాళ్లు వీపున బరువు మోస్తూ సగం ఆఫ్రికా నడవగలిగినప్పుడు, సాధన చేసిన మనిషి ఈ మాత్రం దూరం ఏ బరువూ లేకుండా ఎందుకు పోలేడు? ఆ ప్రశ్నకు ఎదురు చెప్పడం కష్టమే.

1921 మే 24, బ్రిటిష్ సామ్రాజ్య దినం. పీటర్‌మారిట్స్‌బర్గ్ సిటీ హాల్ ముందు 34 మంది నిలబడ్డారు. గడువు 12 గంటలు. డర్బన్ చేరింది 16 మందే. మొదట చేరిన బిల్ రోవన్‌కు 8 గంటల 59 నిమిషాలు పట్టింది. ఇప్పటిదాకా గెలిచిన వాళ్లందరిలో అంత నెమ్మదైన సమయం మరొకటి లేదు. అప్పటి దారి చూస్తే అందులో వింతేమీ లేదు. ఊళ్ల దగ్గర తప్ప మిగతాదంతా మట్టిరోడ్డు. ఎండితే దుమ్ము, తడిస్తే బురద.

ఈ దారి స్వభావం కాస్త చెప్పుకోవాలి. డర్బన్ సముద్రపు ఒడ్డున ఉంది, పీటర్‌మారిట్స్‌బర్గ్ 600 మీటర్లకు పైన. రెంటికీ మధ్య నేల సాఫీగా లేవదు. వేయి కొండల లోయ అని పేరున్న ఎంగేని నది లోయ అంచు పట్టుకుని లేచి, కుంగి, మళ్లీ లేస్తుంది. ఉమ్లాస్ రోడ్ దగ్గర 800 మీటర్లు దాటుతుంది. డర్బన్ నుంచి బయల్దేరితే వరసగా కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోటాస్ హిల్, ఇంచాంగా, చివరికి పాలీ షార్ట్స్. ఐదు కొండలు ఇవి. పేరు పెట్టని ఎత్తులు వీటి మధ్య ఇంకా ఎన్నో ఉన్నాయి, వాటి సంగతి పరుగెత్తినవాళ్లకే తెలియాలి. పాలీ షార్ట్స్ పొడవు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. వేరే ఎక్కడైనా అది కొండ అనిపించుకోదు. కానీ అది 75 కిలోమీటర్లు దాటాక, కాళ్లలో ఇక ఏమీ మిగలని వేళకు ఎదురవుతుంది. అక్కడ పరుగు ఆపకుండా ఎక్కినవాడు గెలుస్తాడని ఒక నానుడే ఉంది.

రెండో ఏడాది పందెం దిశ మార్చి డర్బన్ నుంచి పైకి పరుగెత్తించారు. అప్పటినుంచి కొద్దిపాటి మినహాయింపులతో ఒక ఏడు ఎగువకు, ఒక ఏడు దిగువకు నడుస్తోంది. దిగువకు పరుగు సులువని అనుకునేవారు తిరుమల మెట్లు ఎక్కివచ్చిన మర్నాడు, దిగివచ్చిన మర్నాడు తొడలు ఎలా ఉంటాయో ఒకసారి పోల్చుకోవాలి. ఎక్కేటప్పుడు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే బరువును ఆపాలి. కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. ఫీల్డ్స్ హిల్ మీద దాదాపు మూడు కిలోమీటర్ల వాలు దిగుతున్నప్పటికి వెనక 60 కిలోమీటర్ల పైన పరుగు ఉంటుంది. తొడలు బిగుసుకుపోయి అక్కడ వెనక్కి తిరిగి నడిచేవాళ్లు కూడా కనిపిస్తారు. అందుకే రెండు దిశలూ రెండు వేరు పందేలుగానే అక్కడివారు లెక్కవేస్తారు. రికార్డులు కూడా విడివిడిగానే ఉంటాయి.

తొలినాటి పరుగుగాళ్లకు శిక్షకులు లేరు, తిండి లెక్కలు లేవు. 1922లో రగ్బీ ఆటగాడు బిల్ పేన్ ముందురోజు రాత్రి స్నేహితుడి మాట మీద పందేనికి సిద్ధమయ్యారు. కాళ్లకు రగ్బీ బూట్లు. దారిలో ఆగి గుడ్లూ బేకన్‌తో ఫలహారం చేశారు, ఇంకోచోట కోడికూర తిన్నారు, నారింజలు ఒలుచుకున్నారు, ఓ ఇల్లాలు ఇచ్చిన పీచ్ బ్రాందీ కూడా పుచ్చుకున్నారు. అన్నీ అయ్యాక ఎనిమిదో స్థానంలో చేరారు. మర్నాడు రగ్బీ మ్యాచ్ కూడా ఆడారని చెప్పుకుంటారు.

ఇంకా మనసుకు పట్టే కథ ఫిల్ మాస్టర్టన్-స్మిత్‌ది. 1931లో 19 ఏళ్ల వయసులో రెండు సెకన్ల తేడాతో గెలిచిన కుర్రవాడు. అంత చిన్న వయసు విజేత మళ్లీ రాలేదు. 1933కి ఆయన కేప్‌టౌన్‌లో ఉన్నారు, పందేనికి రావడానికి రైలు టికెట్టు డబ్బులు లేవు. సైకిలెక్కారు. సుమారు 1,600 కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చి పందెంలో నిలబడి పదో స్థానం తెచ్చుకున్నారు. 1942లో టోబ్రుక్ యుద్ధరంగంలో చనిపోయారు. చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా పుట్టిన పందెం తన విజేతనే ఇంకో యుద్ధానికి ఇచ్చుకోవాల్సి వచ్చింది. 1941 నుంచి 1945 దాకా పందెమే జరగలేదు.

ఈ పందేన్ని సరదా సాహసం నుంచి విద్యగా మార్చింది ఆర్థర్ న్యూటన్. ఆయన కథ చెప్పేటప్పుడు సగం చెప్పి వదిలేయడం మామూలు, పూర్తిగా చెబితేనే న్యాయం. ఇంగ్లాండులో పుట్టి నాటాల్ దక్షిణాన హార్డింగ్ దగ్గర వ్యవసాయం చేసేవారు. తన పొలం చుట్టుపక్కల భూములను ప్రభుత్వం ఆఫ్రికన్లకు కేటాయించడంతో తన భూమి విలువ పోయిందని, పరిహారం ఇవ్వడం లేదని ఆయన మొర. ఆ మొర ఎవరూ వినలేదు. పేరున్న మనిషినైతే వింటారు కదా అనుకుని, 38 ఏళ్ల వయసులో పరుగు మొదలుపెట్టారు. కొద్ది నెలల సాధనతో 1922లో గెలిచారు. 1923లో 6 గంటల 56 నిమిషాలకే చేరి, అదే దిశలో రోవన్ సమయం మీద రెండు గంటలు తగ్గించారు. 1924, 1925, 1927ల్లోనూ గెలిచారు. అప్పటిదాకా దూరపు పరుగుకు సాధన అంటే నడకా, అప్పుడప్పుడు వేగపు పరుగులూ. న్యూటన్ నెమ్మదిగా, చాలా దూరం, రోజూ పరుగెత్తారు. ఏడాదికి వేల మైళ్లు. ఈనాడు హాఫ్ మారథాన్‌కు తయారయ్యే గుమాస్తా, టీచరు వారాంతంలో చేసే నిదానపు పొడుగు పరుగుకు మూలపురుషుల్లో ఆయన ఒకరు.

కథలో మిగతా సగం భూమిది. 1913 నాటి నేటివ్స్ ల్యాండ్ యాక్టు దేశంలో అత్యధికులైన ఆఫ్రికన్లకు దాదాపు 7 శాతం నేలనే మిగిల్చింది. అందులో న్యూటన్ ఇరుగుపొరుగున కాస్త వాళ్లకు చిక్కడం ఆయన గోడుకు కారణం. ఆయన పట్టుదల గొప్పదే. కానీ ఆయన పొలం పక్కన ఉన్న ఆఫ్రికన్‌కు అదే రోడ్డు మీద పరుగెత్తి తన గోడు వినిపించుకునే హక్కు లేదన్న సంగతి పక్కన పెట్టి ఆ పట్టుదలను మెచ్చుకోవడం కుదరదు. డ్రమండ్ దగ్గర, దాదాపు సగం దారిలో, రోడ్డు పక్క గట్టులో ఒక గూడు ఉంది. న్యూటన్ అక్కడ కూర్చుని సేదతీరేవారని ప్రతీతి. ఆర్థర్స్ సీట్ అంటారు. పరుగెత్తేవాళ్లు అక్కడ ఓ పువ్వు పెట్టి, టోపీ తాకి ఆయనకు శుభోదయం చెబితే మిగతా సగం సజావుగా సాగుతుందని నమ్మకం. ఈనాడు ఆ పువ్వు పెట్టే చేతుల్లో ఎక్కువ భాగం నల్లవారివి.

మొదటి నియమాల ప్రకారం పందెం తెల్ల మగవారికే. ఆ గీతను 1923లోనే ఒకామె దాటారు. ఫ్రాన్సిస్ హేవర్డ్ దరఖాస్తు పెట్టుకుంటే కాదన్నారు. ఆమె ఎటూ వచ్చి పరుగెత్తారు. 11 గంటల 35 నిమిషాలకు, గడువులోపే, 28వ స్థానంలో చేరారు. పతకం ఇవ్వలేదు. అప్పుడు తోటి పరుగుగాళ్లూ చూడవచ్చినవాళ్లూ చందాలు వేసుకుని ఆమెకు వెండి టీ సెట్టు, ఒక పూలగిన్నె బహూకరించారు. నిర్వాహకులు చూడనిదాన్ని దారి పక్కన నిలబడ్డ జనం చూశారు. తర్వాత 1931 నుంచి 1933 దాకా వరసగా మూడేళ్లు జెరాల్డిన్ వాట్సన్ అలాగే నంబరు లేకుండా పరుగెత్తారు. 1935లో రాబర్ట్ మ్చాలీ 9 గంటల 30 నిమిషాలకు పూర్తి చేశారు. కామ్రేడ్స్ ముగించినట్టు నమోదైన మొదటి నల్లజాతి మనిషి ఆయన. అధికారిక ఫలితాల్లో మాత్రం ఆయన పేరు లేదు.

ఈ దారితో తెలుగువారికి ఉన్న సంబంధం పరుగుకన్నా పాతది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ రేవుకు చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు గిర్మిట్ అనే కూలి ఒప్పందాల మీద నాటాల్‌కు వెళ్లారు. అందులో ఎక్కువమంది మద్రాసు రాజధాని నుంచి, అంటే అరవ జిల్లాలతోపాటు విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి వెళ్లినవారు. తీరం వెంట చెరకు తోటల్లో, గనుల్లో, రైల్వేలో పనిచేశారు. డర్బన్ నుంచి పీటర్‌మారిట్స్‌బర్గ్‌కు రైలు మార్గం 1880లో తెరిచారు. 1893 జూన్‌లో గాంధీని బండి నుంచి దింపేసింది ఆ పైకొస స్టేషన్లోనే. ఒప్పందపు గడువు తీరాక కూలీల్లో చాలామంది అక్కడే కూరగాయలు పండించుకుంటూ, చిన్న వ్యాపారాలు చేసుకుంటూ నిలిచిపోయారు. 1931లో, అంటే మాస్టర్టన్-స్మిత్ గెలిచిన సంవత్సరమే, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. మాతృభాష పిల్లల నాలుక మీదినుంచి జారిపోకూడదన్న ఆరాటం దాని పుట్టుకకు కారణం.

పందెం వాళ్ల ఊళ్ల మధ్యనుంచే పోయేది. పందేనికి వాళ్లు పనికిరారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఎవరు ఎక్కడ నివసించాలో కూడా ఒంటి రంగును బట్టి నిర్ణయించింది. డర్బన్‌లో చాట్స్‌వర్త్‌కు, పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో నార్త్‌డేల్‌కు భారతీయ కుటుంబాలను తరలించారు. ఇంటికే హద్దులు గీసిన దేశంలో రోడ్డు అందరిదీ ఎలా అవుతుంది?

1975లో, పందేనికి స్వర్ణోత్సవ సంవత్సరంలో, తలుపు తీశారు. అన్ని జాతులవారికీ, ఆడవాళ్లకూ అధికారికంగా అనుమతి ఇచ్చారు. హేవర్డ్‌కు టీ సెట్టు ఇచ్చిన 52 ఏళ్లకు అన్నమాట. ఆ ఏడు ఆడవారిలో ఎలిజబెత్ కవానా మొదట చేరారు. లెసోతోకు చెందిన గని కార్మికుడు విన్సెంట్ రాకబేలే 20వ స్థానంలో వచ్చి, అధికారికంగా పతకం పొందిన మొదటి నల్లజాతి పరుగుగాడయ్యారు. మరుసటి ఏడే ఆయన కేప్‌టౌన్‌లో టూ ఓషన్స్ పందెం గెలిచారు. గనిలో షిఫ్టు చేసి, మిగిలిన వేళల్లో సాధన చేసి తెచ్చుకున్న గెలుపు అది.

తలుపు తీసినంత మాత్రాన దేశం మారిపోలేదు. 1981లో నిర్వాహకులు పందేన్ని రిపబ్లిక్ ఇరవయ్యో వార్షికోత్సవంతో ముడిపెట్టారు. రిపబ్లిక్ అంటే వర్ణవివక్ష ప్రభుత్వమే. కొందరు పందెం మానుకున్నారు. జొహానెస్‌బర్గ్‌లోని ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి బ్రూస్ ఫోర్డైస్, ఇంకొందరు, చేతికి నల్ల పట్టీ కట్టుకుని పరుగెత్తారు. ఆ పట్టీ చూసి జనంలో కొందరు అరిచి గేలిచేశారు, టమాటాలు విసిరారు. ఫోర్డైస్ ఆగలేదు, ఆ పందెం గెలిచారు. అది మొదలు 1988 దాకా ఎనిమిదేళ్లు వరసగా ఆయనే విజేత. 1990లో తొమ్మిదోసారీ గెలిచారు. 1986 దిగువ పరుగులో ఆయన సమయం 5 గంటల 24 నిమిషాల 7 సెకన్లు. మొదటి సగం నిదానంగా పోయి, అందరూ అలిసే వేళకు వేగం పెంచడం ఆయన పద్ధతి. కొండల మీద మొదట్లోనే బలం ఖర్చుపెట్టకూడదన్న పాఠం ఈ దారి ఎందరికో కఠినంగా నేర్పింది. ఆయనకు అది ముందే తెలుసు.

ఫోర్డైస్ పరుగెత్తని 1989లో శామ్ షబలాలా గెలిచారు. పందెం మొదలై 68 ఏళ్లు గడిచాక మొదటి నల్లజాతి విజేత. మండేలా ఇంకా జైల్లోనే ఉన్నారు. అదే రోజు ఫ్రిత్ ఫాన్ డెర్ మెర్వే 5 గంటల 54 నిమిషాలకు చేరి మగవాళ్లతో కలిపి 15వ స్థానంలో నిలిచారు. ఆడవారు ఈ దూరం తట్టుకోలేరని 1923లో అన్నవాళ్లకు ఇంతకన్నా సూటి జవాబు ఉండదు.

ఆ రోజు ఇంకొక పరుగు కూడా ఉంది. వాలీ హేవర్డ్ 1930లో 21 ఏళ్ల వయసులో మొదటిసారి గెలిచారు. మళ్లీ ఇరవై ఏళ్లకు తిరిగొచ్చి 1950, 1951, 1953, 1954ల్లో గెలిచారు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్ మారథాన్‌లో పదో స్థానం. 1988లో 79 ఏళ్ల వయసులో 9 గంటల 44 నిమిషాలకు ముగించి, తన వయసులో సగం ఉన్నవాళ్లను ఎందరినో వెనక వదిలారు. 1989లో 80 ఏళ్లు. అప్పటి గడువు 11 గంటలు. స్టేడియంలోకి అడుగుపెట్టేసరికి ఆయన నడుము వంగిపోయింది, అడుగు తడబడుతోంది. పక్కనున్నవాళ్లకు పట్టుకోవాలని ఉంది. పట్టుకుంటే అనర్హత. గడియారం తిరుగుతోంది, గ్యాలరీలు లేచి నిలబడి కేకలు పెడుతున్నాయి. ఇంకా 1 నిమిషం 57 సెకన్లు ఉండగా ఆయన గీత దాటి కూలబడ్డారు. ఆ రోజు విజేత ముగించిన అయిదు గంటల తర్వాత జరిగిందిది. కానీ ఆ ఏటి పందెం అనగానే షబలాలా గెలుపుతో సమానంగా జనం ఈ రెండు నిమిషాలనూ తలుచుకుంటారు.

గడువు అన్న మాటకు ఈ పందెంలో ఉన్నంత బరువు వేరేచోట ఉండదేమో. మొదట్లో 12 గంటలు, 1928 నుంచి 11 గంటలు, ఆ తర్వాత మళ్లీ 12. గడువు తీరే క్షణాన ఒకరు ముగింపు గీత దగ్గర, వచ్చేవాళ్లకు వీపు తిప్పి నిలబడి తుపాకీ పేలుస్తారు. ఎదురుగా ఎవరున్నారో చూస్తే చెయ్యి ఆడదు కనుక. గీతకు అడుగు దూరంలో ఉన్నవాళ్లకూ ఆ చప్పుడుతో పందెం అయిపోయినట్టే. పతకం లేదు, ఫలితాల్లో పేరు లేదు. పన్నెండు గంటల శ్రమకు అంత కఠినమైన ముగింపు అన్యాయం అనిపించవచ్చు. అయినా నెమ్మదైన వాళ్లను వేగమైన వాళ్లంత గట్టిగా పట్టించుకునే పందెం ఇది. టీవీలో మొదటివాడి రాకను చూసినట్టే చివరివాడి రాకనూ దేశమంతా చూస్తుంది.

మొదలు కూడా ప్రత్యేకమే. 1948లో మాక్స్ ట్రింబార్న్ అనే పరుగుగాడు మొదలయ్యే వేళ చేతులు నోటి దగ్గర పెట్టుకుని కోడిలా కూశారు. జనానికి నచ్చి ఏటేటా కూయించారు. తర్వాత ఆ కూతను రికార్డు చేసి పెట్టుకున్నారు. ఇప్పటికీ చీకట్లో వేలమంది నిలబడి, గని కార్మికుల పాట షోషోలోజా పాడాక, ఆ కోడికూత వినిపిస్తేనే కదులుతారు. పదిసార్లు ముగించినవాళ్లకు ఆకుపచ్చ నంబరు శాశ్వతంగా ఇస్తారు. ఆ అంకె ఇక ఇంకొకరికి ఇవ్వరు. 1995 దాకా విజేతకు నగదు బహుమతి అన్నదే లేదు. ఆ ఏడే పందెం తేదీని, సొవెటో విద్యార్థులను కాల్చిచంపిన రోజుకు గుర్తుగా పాటించే జూన్ 16కు మార్చారు. సామ్రాజ్య దినం నుంచి అక్కడికి రావడం తక్కువ ప్రయాణం కాదు. ఇటీవలి విజేతల్లో ఒకరైన టెటె డిజానా వాయవ్య రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో సెక్యూరిటీ గార్డుగా పనిచేసినవారు. క్లాఫమ్ చెప్పిన మామూలు మనిషి ఆయనే.

పతకాల పేర్లలో ఇప్పుడు పాత బాకీలు కొన్ని తీరుతున్నాయి. తొమ్మిది గంటలలోపు ముగిస్తే బిల్ రోవన్ పతకం. చివరి గంటలో వచ్చేవారికి 2003 నుంచి విక్ క్లాఫమ్ పేరిట రాగి పతకం. 2019లో తొమ్మిది నుంచి పది గంటల మధ్య వచ్చేవారికి రాబర్ట్ మ్చాలీ పతకం చేర్చారు. ఆయన 1935 నాటి సమయం సరిగ్గా ఆ గంటలోనే పడుతుంది. అది ఆయనకు 84 ఏళ్లు ఆలస్యంగా అందిన పతకం.

ఈ మధ్య కాలంలో కామ్రేడ్స్‌కు వచ్చే విదేశీయుల్లో పెద్ద బృందాల్లో ఒకటి భారతదేశానిది. హైదరాబాద్, బెంగళూరు, ముంబై లాంటి చోట్ల హాఫ్ మారథాన్‌తో పరుగు మొదలుపెట్టినవాళ్లు, ముందు ఒక మారథాన్‌ను నిర్ణీత సమయంలో ముగించి అర్హత తెచ్చుకుని వెళతారు. అక్కడ వాళ్లకు మొదట కొత్తగా తోచేది బస్సులట. బస్సు అంటే వాహనం కాదు, ఫలానా సమయానికి ముగించాలనుకునే వందలమంది గుంపు. ముందు నడిపేవాడిని డ్రైవరంటారు. డ్రైవరు కొండ మొదట్లో చెయ్యెత్తి నడక అంటే అందరూ నడుస్తారు, ఎత్తు తీరగానే పరుగు అంటే పరుగెత్తుతారు, మధ్యలో అతను పాట ఎత్తుకుంటే గుంపంతా అందుకుంటుంది. నీళ్లు అక్కడ మన దగ్గరలాగే చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఇస్తారు. పంటితో మూల కొరికి సగం తాగి, సగం నెత్తిన పోసుకుని, వెనకున్నవారికి ఇంకొకటి అందిస్తారు. పాలీ షార్ట్స్ కింద బస్సులో డర్బన్ ఆటో మెకానిక్, సొవెటో నర్సు, కూకట్‌పల్లి ఇంజనీరు పక్కపక్కన నడుస్తుంటారు. డ్రైవరు గడియారం చూసి, ఇంకా ఎన్ని నిమిషాలు చేతిలో ఉన్నాయో గట్టిగా చెబుతుంటాడు.